కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వెంట గుంటూరు దాకా

యాత్ర చేసి వచ్చినవాళ్లు గుడి గురించో సముద్రం గురించో రాస్తారు. నేను రాసేది నాలుగు వందల కిలోల ఇనప డబ్బా గురించి. మొన్న మార్చి ఆఖర్లో మా పొలం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దాన్ని ట్రాక్టరు మీద వేసుకుని గుంటూరు పోయి, ఐదో రోజున తిరిగి వచ్చాను. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఇదేం యాత్ర అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు. కరెంటు సర్కారుది, తీగ సర్కారుది, డబ్బా సర్కారుది. అది కాలినప్పుడు మోసే భుజం మాత్రం రైతుది. స్విచ్చి నొక్కితే చల్లగాలి వచ్చే ఇళ్లలో ఉండేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. అందుకని రాస్తున్నాను.

నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. కరెంటు గురించి నాకు తెలిసినదంతా స్టార్టరు డబ్బా మూత వెనక అంటించే కాగితాలూ, పొట్లాలు కట్టి ఇచ్చిన పేపర్లూ చదివి నేర్చుకున్నదే.

తొమ్మిది గంటలకు

అద్దంకికి పడమరగా, గుండ్లకమ్మ వారన మా ఊరు. నల్లరేగడి నేల. పోయిన ఏడు వానలు మొదటి నాటు ముంచేస్తే మిరప రెండోసారి నాటాం. అందువల్ల మార్చి ఆఖర్లో కూడా చెట్ల మీద పచ్చికాయ ఉంది. ఇంకో రెండు తడులు పెడితే అది ఎర్రగా పండుతుంది. తడి అందకపోతే తెల్లబారి తాలు కాయ అవుతుంది. తాలుకు గుంటూరు మిర్చి యార్డులో సగం రేటు కూడా పలకదు. ఆ ఎండలకు మొక్క వారం రోజులు ఆగడం గగనం.

మాకు పొద్దున తొమ్మిదింటికి త్రీఫేజు కరెంటు వస్తుంది, సాయంత్రం ఆరింటికి పోతుంది. ఆ రోజూ తొమ్మిదింటికి వచ్చింది. పద్దెనిమిది మోటార్లు ఒక్కసారి గుర్రుమన్నాయి. మరుక్షణం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెద్ద చప్పుడు, నూనె మాడిన వాసన, తర్వాత నిశ్శబ్దం. లైన్‌మన్ వచ్చి, తల పైకెత్తి చూసి, "దించుకుని అద్దంకి షెడ్డుకి పట్టుకురండి" అని చెప్పి బండెక్కి పోయాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కాలిన డబ్బా వెంట ముగ్గురు పోవాలి. ట్రాక్టరున్నవాడు ఒకడు, ఆఫీసులో నోరున్నవాడు ఒకడు, చేను అందరికన్నా ఆత్రంలో ఉన్నవాడు ఒకడు. మూడోవాడు లేకపోతే మొదటి ఇద్దరూ దారిలో నిద్రపోతారు. ట్రాక్టరు శ్రీనుది. నాకు బాబాయి కొడుకు కొడుకు, నలభై దాటాయి. నోరు నాది. మూడో మనిషి మరియమ్మ. లైను చిట్టచివర రెండెకరాలు కౌలుకు చేస్తోంది. భర్త నడుము దెబ్బతిని రెండేళ్లుగా మంచం మీద ఉన్నాడు. కాయ తాలైతే వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరికి ఇస్తానని ఆసామి ముందే చెప్పేశాడు.

గొలుసు కప్పీ వేసి పన్నెండుమందిమి డబ్బాను దించి తొట్టిలోకి ఎక్కించాం. మరియమ్మ దాని పక్కనే గోనెసంచి పరుచుకుని కూర్చుంది.

"ఏందమ్మే, ఆడమనిషివి ట్రాక్టరు తొట్టిలో గుంటూరు దాకా పోతావా?" అన్నాడు ఒకాయన.

"కాయ ఆడా మగా చూసి పండుద్దా ఏంది? నువ్వు దిగు, నేను పోతా" అంది.

అద్దంకి

షెడ్డు ఆవరణలో కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు సంతలో కట్టేసిన గేదెల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని మీద సుద్దతో ఊరి పేరు. లోపల ఫ్యాను కింద ఫోర్‌మన్ కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు.

"వరసలో రాసుకుంటాను పెద్దాయనా. తొమ్మిది రోజులు పడుతుంది."

"తొమ్మిది రోజులా? అప్పటికి మా మిరపకు దినవారాలు కూడా చేసేసుకుంటాం నాయనా."

"ఏం చెయ్యమంటారు? ఎండ ముదిరితే ఇంతే. ఊరూరా లోడు పెరిగిపోయింది."

పెరిగింది ఎవరివల్ల అని నేను మొదలుపెట్టాను. మా ఊరికి కరెంటు వచ్చిన ఏడు నాకు బాగా గుర్తు. గుంటలు మేమే తవ్వాం, స్తంభాలు ఎడ్లబండ్ల మీద మేమే లాగాం. అప్పటి ఇంజనీరు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, మోటార్లు పెట్టండయ్యా, వాడేవాళ్లు లేక కరెంటు వృథా అవుతోంది అని బతిమాలాడు. ఇప్పుడు అదే కరెంటు మాకు పంచడానికి లేదట. పట్నాల్లో తలుపులు తెరిచి పెట్టి మరీ ఏసీలు నడిపే కొట్లకు మాత్రం ఉందట. ఇదంతా ఫోర్‌మన్ ముందు చెప్పాను. ఆయన విన్నాడు. విని ఫ్యాను స్పీడు ఒక అంకె తగ్గించాడు, నా కోసమే అన్నట్టు.

చివరికి అన్నాడు: "గుంటూరు పక్కన కాలిన తీగ తీసి కొత్తది చుట్టే షెడ్డుంది. ఇక్కడి సరుకు చాలావరకు అక్కడికే పోతుంది. మీరే మోసుకుపోతే కాగితం రాసిస్తా. రెండు రోజుల్లో చుట్టిస్తారు."

నేను ఇంకా ఏదో అనబోతున్నాను. మరియమ్మ బల్ల మీది పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది. "రాయండి సారూ. మా పెద్దయ్య ట్రాక్టర్లో మాట్టాడుకుంటాడు."

బయట నిమ్మసోడా తాగాం, ఇరవై రూపాయలు. మా ఊళ్లో పదిహేను. ఎక్కువెందుకని అడిగితే "ఐసు ముక్కకండీ" అన్నాడు సోడా అతను. చల్లదనానికి ఐదు రూపాయలు. ఈ లెక్క దారి పొడుగునా పెరుగుతూ పోయింది.

చిలకలూరిపేట

మార్టూరు దాటాక గ్రానైటు బండల లారీ ఒకటి పక్కనుంచి రాసుకుంటూ పోయింది. శ్రీను బ్రేకు వేశాడు, మోకు జారింది, డబ్బా ఒరిగింది. లోపల మిగిలిన నూనె నా పంచె మీద పడింది. నల్లటి మరక, ఇప్పటికీ పోలేదు. మరియమ్మ డబ్బాను కాలితో తన్నిపట్టి నిలబెట్టింది. పంచె కట్టిన మనిషి సంగతి అడిగినవాళ్లు లేరు.

పేట చేరేసరికి సాయంత్రం ఆరు. మరియమ్మ చెల్లెలు సువార్త అక్కడ నూలు మిల్లులో పనిచేస్తుంది. ఆ పూట ఆమె ఇంట్లోనే మా బస. మిల్లు గేటు దగ్గరికి పోతే ఆడవాళ్లంతా బయట గోడ నీడన కూర్చుని ఉన్నారు. జుట్టు నిండా దూది పీచు.

"షిఫ్టు అయిపోయిందామ్మా?" అన్నాను.

"అయిపోలా తాతా, ఆపారు" అంది సువార్త. "ఆరు నుంచి పది దాకా పీక్ అవరంట. మిషన్లు ఆపాలంట. పదికి మళ్లీ రమ్మంటారు. ఈ నాలుగ్గంటలకీ కూలి లేదు."

"ఎందుకాపమన్నారో చెప్పారా?"

"పల్లెటూళ్లలో రైతులకి ఇయ్యాలంటగా. మా కరెంటు మీరే గదా తాగేది."

నాకు ఒళ్లు మండిపోయింది. "మాకా? ఆరు కొట్టేసరికి మా మోటార్లు కూడా చస్తాయి. మీ మిల్లులు తింటున్నాయనుకుంటున్నాం మేము!"

ఆడవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. "మరెవురు తింటన్నారు?" అంది సువార్త.

ఎదురుగా రోడ్డవతల ఐదంతస్తుల చీరల కొట్టు. ఇంకా చీకటైనా పడలేదు, ఒళ్లంతా దీపాలు వేసుకుని నిలబడింది. నేను చెయ్యి చూపించాను. గోడకు చేరగిలబడ్డ ఒక పెద్దావిడ అటు చూసి అంది: "మా చిన్నది ఆ కొట్లోనే చేత్తంది. ఏసీ ఆపితే చీరలకి చెమట పడుద్దంట."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాసేపటికి నవ్వినందుకు కోపం వచ్చింది.

సువార్త ఇల్లు రేకుల షెడ్డు. వంకాయ, ఎండు రొయ్యలు కలిపి కూర వండింది, తర్వాత గడ్డపెరుగు. అంత కమ్మగా తిని చాలా రోజులైంది. మా నాన్న బతికుండగా నేను ఆ గడప తొక్కి అన్నం తినే మాటే లేదు. ఆ సిగ్గుమాలిన రోజులు నాకు గుర్తున్నాయి, కాబట్టి రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యాను నా వైపే తిప్పి ఉంది.

గుంటూరు, మెస్సులో

గుంటూరు ఊరు కళ్లకన్నా ముందు ముక్కుకు తెలుస్తుంది. యార్డు ఇంకా మైలు ఉండగానే శ్రీను తుమ్ములు మొదలుపెట్టాడు. చుట్టే షెడ్డు ఊరి బయట, ఒక కోల్డ్ స్టోరేజీ గోడను ఆనుకుని ఉంది. మెకానిక్ పేరు బాజీ. యాభై ఏళ్లుంటాయి. వేళ్ల మీద వార్నిషు ఎండి గోధుమరంగుకు తిరిగింది. "రేపు విప్పుతా. పోయి అన్నం తినిరండి" అన్నాడు.

మెస్సులో రెండు హాళ్లు. మామూలు హాల్లో భోజనం నూట ఇరవై, ఏసీ హాల్లో నూట యాభై. అదే అన్నం, అదే గోంగూర పచ్చడి, అదే సాంబారు. గిన్నెలు కూడా ఒకటే వంటింట్లోంచి వస్తున్నాయి. ఐసు ముక్కకు ఐదు రూపాయలు అయినది ఇక్కడ ముప్పై అయింది. నేను మామూలు హాల్లోకి నడిచాను. మరియమ్మ ఆగింది.

"పెద్దయ్యా, నేను అందులో తింటా. ఒక్కసారి చూత్తా ఎట్టుంటదో."

"మన కరెంటు పోతున్నది అందులోకే కదా!"

"అయితే మనదే గదా. చూత్తే తప్పేంది?"

అరగంట తర్వాత బయటికి వచ్చింది. ముఖం మీద చెమట లేదు. ఆమెను అట్లా చూడటం నాకు అదే మొదటిసారి. వయసు పదేళ్లు తగ్గినట్టుంది.

"ఎట్లా ఉంది?" అన్నాడు శ్రీను.

"సల్లగా ఉంది" అంది. నా వైపు తిరిగి, "దాన్ని తప్పని ఎట్టా అంటాం పెద్దయ్యా? మా ఆయన్ని ఒక్క మధ్యానం అందులో పడుకోబెడితే బాగుండు" అంది.

 

గుంటూరు, బాజీ షెడ్డులో

మర్నాడు పొద్దున బాజీ మూత విప్పి లోపలి చుట్టలు బయటికి లాగాడు. రాగి తీగ మాడిపోయిన జంతికల్లా ఉంది. వేలితో గీరి, వాసన చూసి, నన్ను అడిగాడు.

"ఎన్ని మోటార్లు తాతా దీని కింద?"

"పద్దెనిమిది."

"పన్నెండుకి సరిపోయే డబ్బా ఇది. సర్లే. ఆటో స్టార్టర్లు ఎన్ని?"

శ్రీను ట్రాక్టరు టైర్లు చూడటానికి బయటికి పోయాడు. నేను వోల్టేజీ ఎత్తుకున్నాను. పైనుంచి సరిగ్గా పంపకపోతే డబ్బా కాలక ఏం చేస్తుంది అన్నాను. ఎండల సంగతీ అన్నాను.

బాజీ ఓపిగ్గా విన్నాడు. "తాతా, ముప్పై ఏళ్లుగా ఇయ్యే విప్పుతన్నా. పిడుగుకి కాలింది ఒక రంగు. నూనె తగ్గి కాలింది ఒక రంగు. ఇది తొమ్మిదింటికి కాలిన రంగు. మోటారు లేచేటప్పుడు, నడిచేటప్పటికన్నా ఐదారింతలు లాగుద్ది. అన్నీ ఒక్కసారి లేస్తే ఏ డబ్బా ఆగుద్ది?"

అప్పుడు మరియమ్మ అంది. గొంతు పెంచలేదు. "పద్దెనిమిదిలో పదిహేడు సారూ. లేనిది నాదొక్కదే. నేను పోయి చేత్తో నొక్కుకుంటా."

చదివేవాళ్లకు ఆటో స్టార్టరు తెలియకపోవచ్చు. అరచేతిలో పట్టేంత పెట్టె. స్టార్టరుకు బిగిస్తే కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారు దానంతట అదే లేస్తుంది. మా ఊళ్లో మొదటిది పెట్టింది నేను. రాత్రి కరెంటు ఇచ్చిన రోజులవి. ఏ జాముకు వస్తుందో తెలియక చేలో కాపలా పడుకునేవాళ్లం. నా పక్క చేను కోటయ్య అట్లాగే చీకట్లో మోటారు వెయ్యబోయి పాము కరిచి చచ్చిపోయాడు. కర్మకాండ అయిన మర్నాడు నేను ఒంగోలు పోయి ఆ పెట్టె కొనుక్కొచ్చాను. కాగితం చదివి బిగించాను. తర్వాత ఊరందరికీ నేనే బిగించి పెట్టాను. పదిహేడు పెట్టెలకూ స్క్రూలు తిప్పింది ఈ చెయ్యే. అప్పుడది మంచి పని. ఇప్పటికీ కాదనను.

కానీ ఇప్పుడు కరెంటు పట్టపగలు వస్తోంది. పాము భయం లేదు, చీకటి లేదు. పెట్టె మాత్రం పోలేదు. ఎందుకంటే పక్కవాడి బోరు ముందు లేస్తే మన బోరుకు నీళ్లు అందవని ప్రతివాడికీ భయం. నాకూ అదే భయం. ఇది నేను ఏ కాగితంలోనూ చదవలేదు. బాజీ షెడ్డులో నిలబడి, ఎవరూ అడగకుండానే ఒప్పుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం బాజీ నన్ను పక్కనున్న కోల్డ్ స్టోరేజీలోకి తీసుకుపోయాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి. లోపల మిరప బస్తాలు నెలల తరబడి చలికి ముడుచుకుని పడుకుని ఉన్నాయి. చేలో కాయ ఎండుతోంది, ఇక్కడ కాయకు చలి. మిషన్ల గదిలో ఆపరేటరు మూడు కంప్రెసర్లు చూపించాడు.

"మూడూ ఒక్కసారి వేస్తారా?" అని అడిగాను.

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఒకటి వేస్తాం. అది కుదురుకున్నాక రెండోది. పది నిమిషాలాగి మూడోది. పగలే బాగా చల్లబరిచి పెట్టుకుని, సాయంత్రం ఆరుకి అన్నీ ఆపేస్తాం. తలుపు తియ్యం. పదింటిదాకా చల్లదనం ఎటూ పోదు."

"ఎవరు చెప్పారు మీకు ఇట్లా చెయ్యమని?"

"ఆరింటికి ఆపమన్నది పైవాళ్లే. మిగతాది చెప్పేదేముంది? లైను ఒక్కసారి కాలితే బస్తాలన్నీ పోతాయి కదా."

నా చిన్నతనంలో మా నాలుగు కుటుంబాలకూ ఒకటే బావి, ఒకటే మోట. చేలో పుల్ల నాటి, దాని నీడ గీత దాటగానే ఎడ్లు విప్పేసి పక్కవాడికి వదిలేవాళ్లం. వాచీ లేదు, ఆఫీసరు లేడు. ఒక్కనాడు కూడా నీడ దగ్గర తగువు పడలేదు. బదులుకు పోతే ఉప్పు లేదనే మనుషులే, వంతు మాత్రం తప్పలేదు.

మళ్లీ మా ఊరు

నాలుగో రోజు మధ్యాహ్నం డబ్బా చేతికొచ్చింది. ఐదో రోజున స్తంభాల మీదికి ఎక్కించాం. మిరప ఆకులు అప్పటికే ముడుచుకున్నాయి. డబ్బా కిందే అందరినీ నిలబెట్టి బాజీ చెప్పిందీ, కోల్డ్ స్టోరేజీలో చూసిందీ చెప్పాను. మొదట నా ఆటో స్టార్టరు విప్పి వాళ్ల ముందే నేల మీద పెట్టాను. అందరూ ఒప్పుకున్నారు. తొమ్మిది మోటార్లు ఒంటిగంటన్నర దాకా, తొమ్మిది ఆ తర్వాత. ఒక్కో మోటారుకూ రెండు నిమిషాల ఎడం. వంతు లైను చివరినుంచి మొదలు, అంటే మరియమ్మతో. పదిహేడు పెట్టెలూ విప్పాం.

మొదటి రోజు తొమ్మిదింటికి నేను చేలో నిలబడి విన్నాను. ముందు ఒక మోటారు, దూరంగా. మూలుగు లేకుండా లేచింది. తర్వాత ఇంకోటి. కోడిపుంజులు ఒకదాని తర్వాత ఒకటి కూసినట్టు వరసగా లేచాయి. "పెద్దయ్యా, నీళ్లు పైపు నిండా వత్తన్నాయ్!" అని మరియమ్మ అక్కణ్ణుంచే కేకేసింది. రెండో రోజూ అంతే.

మూడో రోజు తొమ్మిదింటికి ఏడెనిమిది మోటార్లు ఒక్కసారి గుర్రుమన్నాయి.

ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంది. కానీ చివరన ఉన్న మరియమ్మ మోటారుకు వోల్టేజీ అందలేదు. లేవలేక మూలిగి, మూలిగి, లోపల చుట్ట కాలిపోయింది. నేను పోయేసరికి ఆమె బోరు దగ్గర గొంతుకూర్చుని మోటారు మీద చెయ్యి పెట్టి ఉంది. "కాలుతంది పెద్దయ్యా" అంది.

చేను చేను తిరిగాను. ఏడుగురు పెట్టెలు మళ్లీ బిగించారు. వాడు పెట్టాడని వీడు, వీడు పెట్టాడని వాడు. అందరికన్నా ముందు పెట్టింది శ్రీను. బాజీ షెడ్డు దాకా వచ్చినవాడు.

"ఏరా, డబ్బా కింద నిలబడి నీ చెవులతో విన్నావు కదరా!" అన్నాను.

"విన్నా పెదనాన్నా. కానీ పక్కోడు పెట్టకుండా ఉంటాడని నమ్మకమేంది? నా బోరు ఎండితే నువ్వొచ్చి తడి పెడతావా?" తల వంచుకుని మళ్లీ అన్నాడు, "ఇది బిగించడం నేర్పింది నువ్వే గదా."

సర్కారును తిట్టడానికి నా దగ్గర అరవై ఏళ్ల మాటలున్నాయి. చీరల కొట్టును తిట్టడానికి అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ పొద్దున ఆ చేలోకి వచ్చి ఆ పెట్టెలు బిగించినవాడు పట్నంనుంచి రాలేదు.

నా బోరునుంచి ఆమె చేనికి పైపులు వేశాను. ఊరంతా అడిగి పైపులు పోగు చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. ఎకరం దక్కింది. ఎకరం తాలైంది. ఆసామి వచ్చే ఏటి సంగతి ఇంతవరకూ ఏమీ చెప్పలేదు.

కోతలయ్యాక మరియమ్మ ఒక సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నిండా తాలు కాయ, పాలిపోయిన రంగు. "కారం కొట్టించుకోండి పెద్దయ్యా. రంగుండదు. మంట మాత్రం ఏం తగ్గదు" అంది. ఎర్ర కాయ రేటిస్తానంటే తీసుకోలేదు.

ఆ కారంతోనే ఈ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టించాను. పాలిపోయి ఉంది. వచ్చినవాళ్లు అన్నంలో కలుపుకుంటూ ఇదేమిటండీ ఈ రంగు అని అడుగుతున్నారు. అడిగిన ప్రతివారికీ ఈ కథంతా చెబుతున్నాను. మా ఊళ్లో అడగనివాళ్లు ఏడుగురున్నారు.